చేతికి కరివేపాకు అంటుకుంది

పదకొండున్నరకి షట్టర్ ఎత్తగానే మొదటి బేరం ఎప్పుడూ శంకరమఠం వైపు నుంచి వచ్చే మామ్మగారిదే. ఒక దొండకాయ వేపుడు, ఒక పప్పు, ఒక చారు. ఆ శుక్రవారం నేను చారు కవరుకి దారం చుడుతుంటే ఆవిడ నా ఎడమ చెయ్యి వంక చూసి, "అమ్మాయ్, చేతికి కరివేపాకు అంటుకుంది చూడు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. చూపుడువేలూ బొటనవేలూ దగ్గరపెట్టి, ఆకుని గిల్లి తీసెయ్యడానికి కౌంటర్ మీదుగా చెయ్యి చాపారు. ఒక్క ఉదుటున వెనక్కి గెంతాను. గరిటె కింద పడింది, మామ్మగారు బెదిరిపోయారు, వెనక నిలబడ్డ హాస్టల్ కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

అది కరివేపాకే. కాకపోతే చర్మం మీద కాదు, చర్మంలో ఉంది. టాటూ వేయించుకుని అప్పటికి ఆరో రోజు.

తొమ్మిదేళ్ళుగా నల్లకుంటలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఇక్కడ ఇప్పటిదాకా రాసిందంతా కూరల గురించే. ఈసారి టాటూ గురించి ఎందుకంటే, వేయించుకునే ముందు నేను వెతికిన చోటల్లా "చెమట పట్టనివ్వకండి, వేడి తగలనివ్వకండి, కొన్నాళ్ళు చేతికి విశ్రాంతి ఇవ్వండి" అనే ఉంది. పొద్దున ఆరింటి నుంచి రెండు పొయ్యిల మధ్య నిలబడే మనిషికి చెమట పట్టకుండా ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. ఆ సంగతి నేను తెలుసుకున్న దారి అంత గొప్పదేం కాదు. అయినా రాస్తున్నాను.

కరివేపాకే ఎందుకని అందరూ అడిగారు. "కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! నేను రోజూ దాన్ని కట్టలకి కట్టలు దూస్తాను. అందరూ పళ్ళెం అంచున పెట్టేసే ఆ ఆకు పడకపోతే చారు చారు కాదు, వేడినీళ్ళే. నలభై రెండేళ్ళు వచ్చాక, ఎవరూ ఏరి పారెయ్యలేని రెమ్మ ఒకటి నా ఒంటి మీద ఉండాలనిపించింది. అంతకంటే పెద్ద కథ లేదు. మా ఆయన మాత్రం "గులాబీ పువ్వు వేయించుకోవచ్చుగా" అన్నాడు.

మాకు సెలవు ఆదివారమే. జూన్ చివరి ఆదివారం సాయంత్రం హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న స్టూడియోకి వెళ్ళాను. వేసే పిల్లాడికి పాతికేళ్ళుంటాయేమో. మొదట "ఆంటీ" అన్నాడు, నా మొహం చూసి "అక్కా"కి దిగాడు. సూదుల సీలు నా కళ్ళముందే తీశాడు. ఒకసారి వాడి పారేసే బుల్లి మూతల్లో రంగులు పోసుకున్నాడు. ఫోన్ ముట్టుకున్న ప్రతిసారీ గ్లవ్స్ మార్చాడు. వంటింటి శుభ్రత చూసే కన్ను నాది, అక్కడే సగం టెన్షన్ పోయింది. రెండున్నర గంటలు, పదకొండు ఆకులు. మణికట్టు దగ్గర నాకు ఆరేళ్ళ కిందటి కుక్కర్ మచ్చ ఒకటి ఉంది. రెమ్మ కాడ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. మచ్చ కొత్తదైతే దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదని, ఏడాదైనా దాటాలని చెప్పాడు. నొప్పి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వేడి నూనె చిందిన చేతికి సూది లెక్క కాదు.

చివర్లో దాని మీద పల్చటి ఫిల్మ్ ఒకటి అతికించాడు. ఆస్పత్రిలో సెలైన్ సూది కదలకుండా పైన అంటిస్తారే, అలాంటిదే. నీళ్ళు లోపలికి పోవు, లోపలి ఆవిరి మాత్రం బయటికి పోతుంది. మూడు రోజులు ఉంచమన్నాడు. అంచు లేచి నీళ్ళు దూరినా, ఫిల్మ్ అంటుకున్న మేర దురదగా ఎర్రగా అయినా వెంటనే తీసెయ్యమన్నాడు. కొందరికి ఆ జిగురు పడదట.

మర్నాడు పొద్దున చూసుకుంటే గుండె జారిపోయింది. ఫిల్మ్ కింద నలుపూ ఆకుపచ్చా కాస్త రక్తమూ కలిసిన నీళ్ళు చేరాయి. ఆకులన్నీ అలుక్కుపోయి, కవర్లో కట్టిన గోంగూర పులుసులా ఉంది నా చెయ్యి. రంగంతా కారిపోయిందనుకుని ఫోటో తీసి పంపాను. "మామూలే అక్కా, కదిలించకండి" అని జవాబొచ్చింది.

ఎందుకు మామూలో తర్వాత చదివి తెలుసుకున్నాను. నా భాషలో చెబుతాను. చర్మం పైపొర పాల మీద మీగడ లాంటిది. పాతది పోతూ ఉంటుంది, కింద కొత్తది కడుతూ ఉంటుంది. సూది ఆ మీగడని దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున పాలల్లో రంగు వదులుతుంది. దారిలో మీగడకీ కొంత రంగు అంటుతుంది. మొదట్లో కారేదీ, తర్వాత పొట్టులా రాలేదీ ఆ రంగే. కింద పడిన అసలు రంగుని ఒంట్లో చెత్త ఎత్తే కణాలు వచ్చి మింగుతాయి. మింగుతాయి గానీ అరిగించుకోలేవు, అక్కడే చతికిలబడతాయి. అవి చచ్చిపోతే, బయటపడ్డ రంగుని వాటి చోటికి వచ్చిన కొత్త కణాలు మింగుతాయని 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. అంటే చెత్త ఆటో వచ్చి, చెత్త ఎత్తుకుని, యార్డుకి పోకుండా మన సందులోనే ఆగిపోయిందన్నమాట. డ్యూటీ మారినప్పుడల్లా అదే చెత్తని ఇంకో ఆటోలోకి ఎత్తుతున్నారు. టాటూ జీవితాంతం నిలిచేది ఆ పద్ధతి వల్లేనంటారు. చూస్తే మన మీద పెద్ద పనేం లేదు. పైన మీగడ కట్టేదాకా దాన్ని కదపకుండా ఉంటే చాలు. ఆ ఒక్కటే నా వల్ల కాలేదు.

మొదటి మూడు రోజులు బుద్ధిగానే ఉన్నాను. పొయ్యిల పని మా దగ్గర చేసే అక్కకి అప్పగించి, కౌంటర్లో కూర్చుని కుడి చేత్తో చిల్లర ఇచ్చాను. బుధవారం రాత్రి ఫిల్మ్ తీశాను. పైకి లాగితే ప్రాణం పోతుంది. గోరువెచ్చటి నీళ్ళ కింద చెయ్యి పెట్టి, ఒక అంచు పట్టుకుని చర్మం వెంబడే సాగదీస్తూ పోవాలి. పది నిమిషాలు పట్టింది. కింద ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఈనెలతో సహా.

అక్కడి నుంచి రోజుకి రెండు మూడు సార్లు కడగడం. వాసన లేని లిక్విడ్ సోపు, వేలి కొసలతో నురగ, పీచూ గుడ్డా లేకుండా. మాకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, మిగతా వాడకమంతా బోరు. బోరు నీళ్ళకి సబ్బు సరిగా వదలదు, చర్మం బిరుసెక్కుతుంది. అందుకని నల్లా నీళ్ళు కాచి చల్లార్చి, టాటూకని ఒక చెంబు విడిగా పెట్టుకున్నాను. తుండుతో తుడవకూడదు. దాని నూలు పొక్కులకి పట్టుకుంటుంది, పైగా అది ఎవరెవరి మొహం తుడిచిందో ఎవరికి తెలుసు? టిష్యూ పేపరుతో అద్దాలి. ముందు చేతులు కడుక్కోవాలన్నది చెప్పక్కర్లేదనుకుంటాం. పచ్చిమిర్చి కోసిన చేత్తో టాటూ కడిగిన దాన్ని నేను. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ మంటకి మా సందు కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి.

క్రీము దగ్గర అందరూ చేసే తప్పు ఎక్కువ రాయడం. పూత కనబడితే ఎక్కువైనట్టే. దోసె వేసే ముందు పెనం మీద సగం ఉల్లిపాయతో నూనె రుద్దుతాం చూడండి, అంత. పెనం మెరవాలి, నూనె నిలవకూడదు. వానాకాలం ఉక్కలో అయితే అంతకంటే తక్కువే చాలు. నేను వాడింది వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, అదీ కడిగి పూర్తిగా ఆరాక. మొదటి రోజుల్లో వాజెలిన్ దిట్టంగా పట్టించమన్నవాళ్ళున్నారు. మా పొయ్యిల దగ్గర అది చర్మానికి మూత పెట్టడమే.

ఇక సలహాలు. కర్రీ పాయింట్ కౌంటర్ మీద కొత్త టాటూతో చెయ్యి పెడితే ఎన్ని సలహాలు వస్తాయో మీరు ఊహించలేరు. కొబ్బరినూనె అన్నది పాలావిడ. కలబంద మట్ట కోసి రుద్దమన్నది ఎదురుగా జిరాక్స్ షాపతను. మా అత్తమ్మది పసుపు.

అత్తమ్మది జనగామ వైపు పల్లె. ఆమె కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది, చుట్టూ చుక్కలు. ఎనిమిదేళ్ళప్పుడు జాతరలో నలుగురు పట్టుకుంటే పొడిపించారట. ఇప్పుడు ఆమెకి డెబ్భై దాటాయి. గీతలు అలికినట్టయి నీలంగా మారి, అది తేలని చెబితే గాని తెలియదు. మా అమ్మాయి చిన్నప్పుడు రొయ్య అనుకునేది. ఆ తేలు మానిన వైద్యం పసుపూ ఆముదమూ. "జర పసుపు పెట్టరాదే, రెండు దినాలల్ల మానుతది" అని రోజుకి నాలుగుసార్లు. నేను వద్దన్నానని అలిగి, రెండు రోజులు నా చేతి చాయ్ తాగలేదు.

పసుపుని నేనేం తక్కువ చెయ్యట్లేదు. నెలనెలా నిజామాబాద్ పసుపు కొనే మనిషిని. కానీ పోపులో వేసేది వేరు, పచ్చి పుండు మీద చల్లేది వేరు. డబ్బాలో పసుపు మందుల కంపెనీవాళ్ళు క్రిములు లేకుండా శుద్ధి చేసింది కాదు. కల్తీదైతే మెరుపు కోసం అందులో సీసం ఉండే లెడ్ క్రోమేట్ కూడా కలుపుతారని సరుకు కొనే మాకు బాగా తెలుసు. పైగా పసుపు పూసిన ఆకుపచ్చ ఎండిన కరివేపాకు రంగుకి వస్తుంది. నేను తాజా రెమ్మకి డబ్బులిచ్చాను.

ఇంతవరకూ నా బుద్ధి బాగానే పనిచేసింది. మామ్మగారు గిల్లబోయిన మర్నాడు చెడింది.

శనివారం మాకు బేరాలు ఎక్కువ. అక్క ఒక్కతే రెండు పొయ్యిలు తిప్పలేదు. సరే నేనూ దిగుతాననుకున్నాను. నూనె చిందుతుంది, కారం లేస్తుంది, జనం గిల్లుతున్నారు. ఎదురుగా ప్యాకింగ్ ప్లాస్టిక్ రోల్ కనబడింది. ఒక మూర చించి, ముంజేయి చుట్టూ మూడు చుట్లు చుట్టి, పైన రబ్బరు బ్యాండ్ వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. స్టూడియో ఫిల్మ్ కూడా ప్లాస్టిక్కే కదా అనుకున్నాను. కాదు. దానికి గాలి ఆడుతుంది, దీనికి ఆడదు. వేడి పప్పు గిన్నె మీద మూత పెడితే లోపల ఏమవుతుందో ఇన్నేళ్ళు చూసిన నాకు అది తట్టలేదు.

ఆరు నుంచి పదకొండు దాకా, అయిదు గంటలు. విప్పేసరికి ముంజేయి చాలాసేపు బట్టలు ఉతికినప్పటి వేళ్ళలా తెల్లగా ముడతలు పడి ఉంది. రాలడానికి సిద్ధంగా ఉన్న పొట్టు నాని ముద్దయింది. సాయంత్రానికి ఆకుల మధ్య ఎర్రటి పొక్కులు లేచాయి, ఆవగింజలు చల్లినట్టు. రాత్రి మంట. ఆదివారం పొద్దున మా ఆయన మెడికల్ షాపుకి వెళ్ళి ఒక ట్యూబు తెచ్చాడు. "దురదకీ తామరకీ దేనికైనా ఇదే ఇస్తారట" అన్నాడు. దేనికైనా పనిచేసేది అంటేనే నాకు అనుమానం. రుచి లేని కూరలన్నిటిలో వేసే మసాలా పొడి లాగా. పక్కన పెట్టాను.

సోమవారం పొద్దున అక్కకి పని ఒప్పజెప్పి, మా వీధి చివర స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి ట్యూబుతో సహా వెళ్ళాను. ఆవిడ చెయ్యి తిప్పి చూసి, నొక్కి చూసి, "చెమటకాయలు. కొన్ని వెంట్రుకల కుదుళ్ళు వాచాయి. ఇన్ఫెక్షన్ కాదు, ఇంకో రెండు రోజులు చుట్టి ఉంటే అయ్యేది" అన్నారు. మొదటి రెండు మూడు రోజులు ఎర్రగా, వెచ్చగా, వాపుగా ఉండటం మామూలట. ఆ తర్వాత తగ్గుతూ రావాలి. తగ్గాల్సింది పెరుగుతుంటే, ఎరుపు టాటూ హద్దు దాటి పాకుతుంటే, చీము పడితే, చేతి మీదుగా పైకి ఎర్రటి చార కనబడితే, జ్వరం వస్తే ఆ రోజే రావాలి, ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోకూడదు.

తర్వాత ట్యూబు చూపించాను. ఆవిడ నిట్టూర్చారు. అందులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉన్నాయి. స్టెరాయిడ్ రాస్తే ఎరుపూ దురదా చప్పున తగ్గినట్టు కనబడుతుంది, లోపల పుండు మానడం మాత్రం వెనకబడుతుంది, వాడగా వాడగా చర్మం పల్చబడుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. మా ఆయన మాత్రం పేరు కూడా చెప్పకుండా చెయ్యి చాపి తెచ్చేశాడు. ఇంట్లో ఉన్న ఇంకో యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ సంగతి అడిగితే, నియోమైసిన్ అనే మందు ఉన్నవి కొందరికి పడక కొత్తగా దద్దుర్లు తెస్తాయి, అవసరమైతే నేనే రాస్తాను అన్నారు. చివరికి ఆవిడ రాసిన మందు ఏమిటంటే, ఏమీ లేదు. చుట్టొద్దు, క్రీము రెండు రోజులు ఆపు, చెమట పడితే మంచినీళ్ళతో కడిగి అద్దు, గాలి తగలనివ్వు. ఫీజు ఇచ్చి "ఏమీ చెయ్యకు" అని చెప్పించుకుని వచ్చాను. అత్తమ్మకి ఆ మాట అసలు నచ్చలేదు.

అప్పటి నుంచి మా పద్ధతి మార్చాం. వంటింట్లో పనిచేసేవాళ్ళెవరైనా ఉంటే ఇది మీకోసమే. నేను పొయ్యి వదిలి తరుగుడుకీ పోపు సామానుకీ మారాను. మా ఆయన పాత కాటన్ చొక్కా చేతులు కత్తిరించి, వదులుగా ఉండే తొడుగులు నాలుగు కుట్టుకున్నాను. మోచేతి దగ్గర నాడా, మణికట్టు దగ్గర ఏమీ లేదు. నూనె చుక్క ఆగుతుంది, గాలి ఆగదు. తడిస్తే మార్చడం, రాత్రికి ఉతకడం. గంటకోసారి బయటికొచ్చి, ఫ్యాన్ కింద అయిదు నిమిషాలు చెయ్యి చాపుకుని కూర్చోవడం. అక్క నన్ను చూసి "మేడమ్ చేతికి అప్పడాలు ఆరబెట్టింది" అనేది. నాలుగు రోజుల్లో పొక్కులు అణిగాయి.

తర్వాత దురద. దీని ముందు సూది నొప్పి ఎంత? పొట్టు రాలడం మొదలైన దగ్గర్నుంచి ఆకుపచ్చ చిన్న చిన్న పెచ్చులు దుప్పటి మీద, వంటింటి గట్టు మీద, ఒకరోజు ఏకంగా నా చాయ్‌లో. సరిగ్గా పొడిచేసిన కరివేపాకు. సగం ఊడి వేలాడుతున్న పెచ్చుని చూస్తూ లాగకుండా ఉండటానికి ఏ దేవుడు బలమిస్తాడో నాకు తెలియదు. లాగితే, ఇంకా లోపల పట్టుకుని ఉన్న చోట రంగు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. అరచేత్తో మెల్లగా తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నె అడుగుని పొడి శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన ఆనించడం, ఇవీ నా ఉపాయాలు. గోళ్ళు మొదలంటా కత్తిరించాను. పగలు మా అమ్మాయి కాపలా. రాత్రి నిద్రలో గోకకుండా కుడి చేతికి దాని స్కూల్ సాక్సు తొడుక్కుని పడుకునేదాన్ని. మా ఆయన అటు తిరిగి పడుకుని నవ్వేవాడు, మంచం ఊగేది.

అయినా చివరి నుంచి రెండో ఆకు దక్కలేదు. ఆ శనివారం నాని ముద్దయినదాంట్లో అదొకటి. పదకొండో రోజు పొద్దున లేస్తే దాని పెచ్చు దుప్పటికి అంటుకుని ఉంది, కింద గులాబీ రంగు చర్మం, అక్కడక్కడా పచ్చ.

ఇదంతా ఆషాఢంలో. అంటే ఇంట్లో గోరింటాకు. అత్తమ్మ పక్కింటి చెట్టు ఆకు దూసి రుబ్బింది. ఎడమ చేతికి వేళ్ళ కొసలకే పెట్టించుకున్నాను, మణికట్టు ఈవల ఏదీ రానివ్వలేదు. మా అమ్మాయి ఫ్రెండు నల్లగా పండే కోన్ తెస్తే మాత్రం ఇద్దరినీ కసిరాను. ఆ నలుపు చాలాసార్లు జుట్టుకి వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం. పచ్చి టాటూ సంగతి అలా ఉంచండి, మంచి చర్మాన్నే బొబ్బలెక్కించగలదు.

పదిహేనో రోజుకి లష్కర్ బోనాలు. సికింద్రాబాద్‌లో ఆడపడుచు ఇంట్లో బోనం ఎత్తాలి, తప్పదు. వదులు చేతుల జాకెట్టు వేసుకుని వెళ్ళాను. బోనం తల మీద పెట్టి రెండు చేతులూ పైకెత్తాక గాని తట్టలేదు, జాకెట్టు చెయ్యి జారుతుందని, కుండకి పూసిన తడి పసుపు చేతి మీదుగా కారుతుందని. ఉజ్జయిని మహంకాళి గుడి దాకా ఆ జనంలో, ఆ డప్పుల్లో, పసుపు నా కరివేపాకుల మీదుగా మోచేతి దాకా కారుతూనే ఉంది. అప్పటికి పైపొర కట్టేసింది కాబట్టి సరిపోయింది, ఇంటికొచ్చి సబ్బుతో కడిగేశాను. అత్తమ్మ మొహంలో ఆ రోజు కనబడ్డ తృప్తి మాటల్లో చెప్పలేను. "అమ్మే పెట్టింది పసుపు" అంది.

మూడో వారం టాటూ మసకబారింది. పల్చటి మజ్జిగ పొర కప్పినట్టు, రంగుకి జీవం లేదు. ఇదీ మామూలేనట. పైన కొత్త చర్మం ఇంకా ముదరలేదు. నెల దాటేసరికి పొర తేరుకుని ఆకులు మళ్ళీ పైకి వచ్చాయి. పైన మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టినా, లోపల పూర్తిగా సర్దుకోవడానికి నెలలు పడుతుంది. పైన మానేదాకా ఈతకొలనులూ చెరువులూ వద్దు (నాకు ఎలాగూ ఈత రాదు). ఎండ మాత్రం నాకు రోజూ తప్పదు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయల సంచులతో స్కూటీ మీద తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కి ఉంటుంది. మొదటి నెల కాటన్ తొడుగే. ఆ తర్వాత ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్. మానకముందు సన్‌స్క్రీన్ కూడా రాయకూడదు. ఎండకి టాటూ రంగు వెలుస్తుంది, వాకిట్లో ఆరేసిన చీర లాగే.

ఒక్క విషయం ముందే తెలిస్తే బాగుండేది. తలసీమియా పిల్లల కోసం నాలుగు నెలలకోసారి రక్తం ఇస్తుంటాను. ఆడవాళ్ళకి మధ్యలో 120 రోజులు ఉండాలి కదా, ఆ లెక్క చూసుకుని ఆగస్టులో వెళ్ళాను. అమ్మాయి ఫారం నింపుతూ చెయ్యి చూసి, టాటూ వేయించుకున్నాక 12 నెలలు తీసుకోం అంది. ముందు రక్తం ఇచ్చి, వారం పది రోజులాగి టాటూకి వెళ్ళి ఉంటే ఒక విడతైనా కలిసొచ్చేది. మీలో ఇచ్చేవాళ్ళుంటే ఆ లెక్క చూసుకోండి.

ఏడు వారాలకి, పోయిన ఆకు దిద్దించుకోవడానికి మళ్ళీ హిమాయత్‌నగర్ వెళ్ళాను. రెండు నెలల్లోపు వస్తే డబ్బు తీసుకోనని పిల్లాడు ముందే చెప్పాడు. ఆ ఆకు ఒక్కటే ఎందుకు పోయిందని అడిగితే ప్యాకింగ్ ప్లాస్టిక్ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రబ్బరు బ్యాండ్ కూడానా అక్కా?" అన్నాడు.

ఈసారి అత్తమ్మ కూడా వచ్చింది, ఊరికే చూస్తానని. పావుగంటలో పని అయిపోయింది. నేను లేస్తుంటే ఆమె కొంగు జరిపి, ముంజేయి ఆ పిల్లాడి ముందు పెట్టింది.

"నా తేలుకి కొండి మళ్ళ దిద్దుతవా బిడ్డా? ఎంత తీసుకుంటవు?"

వాడు దీపం దగ్గరికి లాగి, ఆ నీలి చుక్కల్ని చాలా మర్యాదగా చూశాడు. ఎవరు పొడిచారు, ఎన్నేళ్ళయింది, ఏ ఊళ్ళో అన్నీ అడిగాడు. తర్వాత "షుగర్ ఏమైనా ఉందా అమ్మమ్మా?" అన్నాడు.

"లేదు" అంది.

"ఉంది బాబూ, పదేళ్ళ నుంచి" అన్నాను. షుగర్ అదుపులో లేకపోతే ఇంత చిన్న పుండైనా ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. డాక్టరుతో రాయించుకు రమ్మన్నాడు. మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష ఉంటుంది, అది బాగుండి డాక్టరు సరేనంటే తప్పకుండా వేస్తానన్నాడు.

ఆటోలో బర్కత్‌పుర చమన్ దాటేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. "నిన్నెవరు చెప్పమన్నరే" అని ఒక్క మాట అని మళ్ళీ బయటికి చూడసాగింది. ఇంటికొచ్చి చాయ్ పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, తన చాయ్‌లో చక్కెర వెయ్యొద్దంది.